మిగిలిన గంటలు

ఇంటి నుంచి,
జులై మొదటి వారం

చిరంజీవి పిట్టకు,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు సిరాలో మునిగిన చీమలు కాగితం మీద పాకినట్టున్నాయి. మేనేజ్‌మెంట్ చదువులో చేతిరాతకు మార్కులుండవు కాబోలు.

ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఎత్తకపోవడం కాదు, అసలు మోగనివ్వడం లేదు. మీ తాతయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అన్నేళ్ళు చేసి, ఇప్పుడు మా పేర్లతో సహా అన్నీ మరిచిపోయినా ఆ గంట ఒక్కటి మరిచిపోలేదు. ఫోను మోగితే చాలు, ఎక్కడున్నా లేచి వచ్చి "నంబరు చెప్పండి" అంటారు. చెప్పేవాళ్ళెవరు? కలపలేకపోయానని ఆ పూటంతా కుమిలిపోతారు. అందుకని ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటి గొంతూ నొక్కేశాను. నువ్వు పంపే ముక్కముక్కల సందేశాలు చదివే ఓపిక నాకు లేదు. ఇక ఉత్తరాలే గతి. నీకూ మంచిదే, నాలుగు వాక్యాలు వరసగా రాయడం అలవాటవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెలలో ఆయన రెండుసార్లు తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. రెండోసారి కూడలి మధ్యలో బస్సులకు అడ్డంగా నిలబడి ఉంటే పళ్ళ బండివాడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. డాక్టరమ్మ ఒక్కటే మాట చెప్పింది: ఆయన పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి, లేదంటే ఇలాంటివాళ్ళను చూసుకునే హోములో చేర్చండి అని. ఊరి చివర ఒకటుంది. తలుపులకు బయటనుంచి గడియలు. మీ మామయ్య ఆ హోము దరఖాస్తు చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, నాకు కనబడదనుకుంటున్నాడు. నేను బతికుండగా ఆయన్ని గడియ వెనక పెట్టేది లేదు.

పెద్ద బడికి హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నన్నాళ్ళూ టైంటేబుల్ నేనే వేశాను. రంగు అట్టముక్కలు బల్ల మీద పరిచి ఒక పూటలో తేల్చేసేదాన్ని. ఒకే గంటలో ఒక టీచరు రెండు క్లాసుల్లో పడడం నా హయాంలో జరగలేదు. అలాంటిది ఈ ఇంటికి వేయలేకపోతున్నాను. ముక్కలు పరుస్తున్నాను, ఎత్తుతున్నాను. ఒకచోట అతికితే ఇంకోచోట ఊడుతోంది. ఎవరు ఎక్కడ ఏ గంటకు ఉండాలో తేల్చే శాస్త్రమే చదువుతున్నానని రాశావు కదా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీ తాతయ్యకు టైంటేబుల్ వేసి పంపు.

ఆశీస్సులతో,
అమ్మమ్మ


హాస్టలు, మూడో అంతస్తు,
జులై మూడో వారం

అమ్మమ్మా,

ఈసారి చీమల్ని వరసలో నడిపించాను, చూడు.

ముందు ఒక మనవి. నేను ఆపరేషన్స్ రీసెర్చ్ చదువుతున్నానని తెలిసి అమ్మ వీధిలో అందరికీ "మా అమ్మాయి ఆపరేషన్ల మీద పరిశోధన చేస్తోంది" అని చెబుతోందట. కింది వాటా ఆవిడ తన మోకాలి ఫోటో నాకు పంపింది. ఆపించు.

నీ ఉత్తరం తీసుకుని తిన్నగా ప్రొఫెసరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివి, "అందరూ ఊహల్లో గోదాములు కడుతున్నారు, నీ దగ్గర నిజం లెక్క ఉంది. ప్రాజెక్టుగా ఇదే చెయ్యి" అన్నారు. నీకు చెప్పకుండా దాచడం దేనికి, పోయిన సెమిస్టరులో నేను అట్టడుగున ఉన్నాను. ఇది కుదిరితేనే ఈ సబ్జెక్టు గట్టెక్కుతాను. కాబట్టి తాతయ్యకు నా అవసరం కంటే నాకే తాతయ్య అవసరం ఎక్కువ.

పద్ధతి చెబుతాను. ఉన్న మనుషులు, వాళ్ళ గంటలు, వాళ్ళు పెట్టే షరతులు అన్నీ రాసుకుంటాం. వీటన్నిటికీ సరిపడే దారి అసలుందా అని మొదట చూస్తాం. ఉంటే వాటిలో మంచిదాన్ని ఏరుకుంటాం. ప్రొఫెసరు గారు మొదటి రోజే చెప్పారు, షరతు వేరు, కోరిక వేరు అని. కోరిక తీరకపోతే ఎవరిదో మూతి ముడుచుకుంటుంది. షరతు తెగితే మాత్రం టైంటేబులే లేదు.

అందుకని నువ్వు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగు. ఎవరు ఎప్పుడు తాతయ్య దగ్గర ఉండగలరు, ఎప్పుడు అస్సలు ఉండలేరు. షరతులు మాత్రమే రాయి. మామయ్య కోరికలు రాయడానికి ఒక ఉత్తరం చాలదు.

తాతయ్య నన్ను అడుగుతున్నాడా?

నీ పిట్ట


ఇంటి నుంచి,
ఆగస్టు మొదటి వారం

చిరంజీవి పిట్టకు,

అందరినీ విడివిడిగా అడిగాను. కలిపి అడిగితే ఒకరి షరతు ఇంకొకరికి అంటుకుంటుంది.

మీ మామయ్య: "లిఫ్టుల్లో ఇరుక్కునేవాళ్ళు నీ టైంటేబుల్ చూసుకుని ఇరుక్కోరమ్మా. పిలుపు వస్తే పరిగెత్తాలి." "అయితే వాళ్ళను మెట్లెక్కమను" అన్నాను. గొణిగాడు. చివరకు రోజూ సాయంత్రం ఏడు నుంచి పది వరకు, ఆదివారం పొద్దున్న పూట ఒప్పుకున్నాడు. లిఫ్టు మెకానిక్కు అంతకంటే ఖాయంగా చెప్పడం కష్టమని నాకూ తెలుసు.

మీ అత్తయ్య: "కుట్టు మిషను నడుస్తుంటే నావల్ల కాదత్తయ్యగారూ. మామగారు కత్తెర అందుకుంటారు, నేను సూది వైపు చూడనా, ఆయన వైపు చూడనా?" సబబే. బడుల యూనిఫారాలు ఒప్పుకుంది కాబట్టి పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు మిషను ఆగదు. పొద్దున్నే ఆయనకు స్నానం, గడ్డం, గోళ్ళు అన్నీ తనే చూస్తుంది. ఇంకెవరు కత్తి పట్టినా ఆయన ఊరుకోరు. ఆరు నుంచి తొమ్మిది వరకు తనది.

మీ అమ్మ: ల్యాబులో ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు. తక్కిన పగలు ఎంత కావాలంటే అంత అంది. ఆపైన "నా నిద్ర తీసెయ్యమ్మా, ఫరవాలేదు" అంది. "షరతు చెప్పమంటే త్యాగం చెబుతావేమిటి? రక్తం నమూనాల మీద తూగి ఒకరి చీటీ ఇంకొకరికి అంటిస్తే ఎవరు బాధ్యులు?" అని కేకలేశాను. మీ అమ్మకు రాత్రి పది తరవాత నిద్ర. ఇది షరతుగానే రాసుకో.

ఇక నేను. నాకు షరతులు లేవు. మా బడిలో ఒక ఆచారం ఉండేది. టీచరు రాని పీరియడ్ ఏదైనా, ఏ క్లాసుదైనా హెడ్మిస్ట్రెస్‌ది. టైంటేబుల్‌లో ఆ గడి ఖాళీగా వదిలేస్తే చాలు, నేను వెళ్ళి నిలబడతానని అందరికీ తెలుసు. ఇక్కడా అంతే. మిగిలిన గంటలన్నీ నావి.

చివరిగా ఒక షరతు. ఇది కోరిక కాదు, బాగా గుర్తు పెట్టుకో. ఆ పట్టికలో నువ్వు ఉండకూడదు. చదువు మధ్యలో వదిలి ఈ ఇంటికి వచ్చి కూర్చునే మనిషిగా నిన్ను ఎక్కడా వేయకు.

నిన్ను అడుగుతున్నారా అన్నావు. లేదు. అబద్ధం రాయలేను.

అమ్మమ్మ


హాస్టలు, మూడో అంతస్తు,
ఆగస్టు చివర

అమ్మమ్మా,

కుదిరింది! కంప్యూటరు చిటికెలో "సాధ్యమే" అంది. నేను కుర్చీలోంచి లేచి గెంతితే పక్క గది అమ్మాయి ఏదో కాలిపోతోందనుకుని బకెట్టు పట్టుకుని వచ్చింది. రెండు వారాల పట్టిక రంగుల్లో అచ్చు తీసి దీంతో పంపుతున్నాను. మామయ్యది నీలం, అత్తయ్యది ఆకుపచ్చ, అమ్మది పసుపు. నీ ఆచారం ప్రకారం నీ గడులు తెల్లగా వదిలేశాను. ఒక్క నిమిషం కూడా తాతయ్య ఒంటరిగా లేడు.

క్లాసులో చూపించాను. ప్రొఫెసరు గారు బాగుందన్నారు. ఆ తరవాత తెల్లగడుల మీద వేలు పెట్టి ఇలా ఇలా జరుపుకుంటూ పోయి, "ఈ నాలుగో మనిషి ఎవరమ్మా? ఎక్కడ తక్కువైతే అక్కడ ఉంది. రాత్రంతా ఉంది, మధ్యాహ్నం కూడా ఉంది. ఈవిడ నిద్రపోయే గడి నాకు కనబడటం లేదు. ఈవిడ మనిషా, చిరుగుకు వేసిన మాసికా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

గదికి వచ్చి పట్టిక గోడకు అంటించాక నవ్వు పోయింది. దూరం నుంచి చూస్తే రంగుల కంటే తెలుపే ఎక్కువ కనబడుతోంది.

మా పాఠంలో ఇలాంటి అంకె ఒకటి వస్తుంది. సమీకరణం రెండు వైపులా సరిపోకపోతే మిగిలినదంతా దాని నెత్తిన వేస్తాం. దానికి ఆకలి, నిద్ర ఉండవు. నేను నిన్ను అలా రాసేశాను. నువ్వు చెప్పావు కాబట్టి రాశాను, అయినా రాసింది నేనే. రోజుకు ఎన్ని గంటలు పడుకుంటున్నావో చెప్పు. మళ్ళీ వేస్తాను.

పిట్ట


ఇంటి నుంచి,
సెప్టెంబరు రెండో వారం

చిరంజీవి పిట్టకు,

మీ ప్రొఫెసరు గారికి నా నమస్కారాలు చెప్పు. ముసలివాళ్ళకు నిద్ర తక్కువనే సంగతి ఆయన పుస్తకంలో లేనట్టుంది, అది కూడా చెప్పు.

నీ పట్టిక హాల్లో గోడకు కొట్టాం. చక్కగా నడుస్తోంది. మీ మామయ్య రెండు రోజులు రాలేదు. ఎవరో పెళ్ళివారు నగలతో సహా ఐదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య ఇరుక్కున్నారట. ఆ గంటలు నేను చూసుకున్నాను. మీ అత్తయ్య ఒకసారి జ్వరంతో పడుకుంది. ఆ గంటలూ చూసుకున్నాను. మీ మామయ్య జేబులో ఇప్పుడు ఆ హోము కాగితం లేదు, అలమరాలోకి మారింది. అదొక మెట్టు గెలిచినట్టే.

నా నిద్రకు నేనొక ఏర్పాటు చేసుకున్నాను. బాగానే ఉంది. దాని గురించి నువ్వు అడగక్కర్లేదు, నేను చెప్పక్కర్లేదు. అచ్చు తీసిన పట్టికను దిద్దకు. టైంటేబుల్ మాటిమాటికీ మారిస్తే బడి నడవదు.

గీతలు వంకరగా పోతున్నాయి. కలం మంచిది కాదు.

అమ్మమ్మ


హాస్టలు, మూడో అంతస్తు,
సెప్టెంబరు చివర

అమ్మమ్మా,

కలం మంచిదే. ఆగస్టులో నువ్వు రాసిన ఉత్తరానికీ ఇదే కలం, గీతలు తిన్నగానే ఉన్నాయి.

నీ మాట వినలేదు. నీకు రాత్రిపూట ఆరు గంటల నిద్ర అని ఒక షరతు నేనే రాసి కంప్యూటరుకు ఇచ్చాను. "సాధ్యం కాదు" అంది. ఐదు చేశాను. సాధ్యం కాదు. నాలుగు. అదే మాట. రాత్రి ఒకరు, పగలు ఒకరు ఖాయంగా ఉంటే తప్ప దారి లేదు, మనకు ఉన్నది రెండిటికీ కలిపి నువ్వు ఒక్కదానివి.

అప్పుడు మా పద్ధతి ప్రకారం ఒక్కో షరతూ తీసి చూశాను. మామయ్య లిఫ్టుల్ని తీస్తే కొంచెం వదులైంది కానీ చాలలేదు. అత్తయ్య మిషను ఆపినా చాలలేదు, పైగా ఇంటి ఖర్చు ఆగిపోతుంది. అమ్మ ఉద్యోగం మానేస్తే కుదురుతుంది, అద్దె కుదరదు. జీతమిచ్చి మనిషిని పెడితే? పెట్టి చూశామని, తాతయ్య ఆవిడ చెయ్యి కొరికాడని అమ్మ ల్యాబు నుంచి ఫోను చేసి చెప్పింది. నువ్వు నాకు ఆ సంగతి రాయలేదు.

ఇక మిగిలింది నువ్వు బాగా గుర్తు పెట్టుకోమన్న షరతు. అది తీశాను. అన్నీ కుదిరాయి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకు నేను. నీకు ఏడు గంటల నిద్ర వచ్చింది. పట్టికలో ఆ రంగు ఎంత బాగుందో! ఎరుపు వేశాను.

ఒక సంవత్సరం విరామం కావాలని ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. నెలాఖరుకు అడిగాను, ఇంకో రెండు వారాలు పట్టవచ్చన్నారు. తిట్టదలచుకుంటే నేను వచ్చాక ఎదురుగా తిట్టు.

పిట్ట


ఇంటి నుంచి,
అక్టోబరు మొదటి వారం

చిరంజీవి పిట్టకు,

ఇది మీ మామయ్య చేత రాయిస్తున్నాను. నా కుడి భుజానికి కట్టు కట్టారు, మెడ కింద ఎముక విరిగింది. కంగారు పడకు. (నేను మామయ్యను. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాయకపోతే చదివించుకుని కొట్టివేస్తానంటోంది. ఒక్క చేత్తోనే అయినా కొట్టగలదు.)

నా నిద్రకు ఏర్పాటు చేసుకున్నానని రాశాను కదా. అదేమిటంటే, మీ అత్తయ్య దగ్గర మిగిలిన యూనిఫారం గుడ్డ పేలిక ఒకటి తీసుకుని, ఒక కొస ఆయన మణికట్టుకు, ఒక కొస నా మణికట్టుకు ముడి వేసుకుని పడుకునేదాన్ని. ఆయన కదిలితే నాకు మెలకువ వచ్చేది. ఎవరికీ చెప్పలేదు. పొడుగు చేతుల రవిక వేసుకునేదాన్ని. (మాకు నిజంగా తెలియదు పిట్టా.)

మొన్న మధ్యాహ్నం మగతలో ఉండగా ఆయనకు ఎక్కడికో వెళ్ళాలనిపించింది. లేచారు. నాకు మెలకువ రాలేదు. లాగారు. మంచం మీదనుంచి పడ్డాను. ఆయనకు తన చెయ్యి ఎందుకు రావడం లేదో అర్థం కాలేదు. అర్థం కానివాళ్ళకు బలం ఎక్కువ. గుమ్మం వరకూ నన్ను ఈడ్చుకుని వెళ్ళారు. మిషను చప్పుడులో మీ అత్తయ్యకు వినబడలేదు. దారం తెగి మిషను ఆగితే అప్పుడు వినబడి వచ్చింది.

ఆయన మణికట్టు చుట్టూ తోలు లేచిపోయింది. "ఎవరు కట్టారు?" అని అడిగింది డాక్టరమ్మ. నేనేనన్నాను. ఆవిడ ఏమీ అనకుండా మందు రాసింది. ఏదైనా అని ఉంటే బాగుండేది. గడియ వెనక పెట్టనని గొప్పలు పోయినదాన్ని, నేను చేసిందేమిటి?

అలమరాలోని కాగితం తెమ్మని నేనే అడిగాను. ఎడమ చేత్తో సంతకం చేశాను. నిన్న చేర్చాం. నువ్వు రైలెక్కే లోపల ఇది అయిపోవాలని తొందర పెట్టింది నేనే, మీ మామయ్యను ఏమీ అనకు. నీ ఎర్రగడులకు ఇప్పుడు ఇక్కడ పనిలేదు. ఆఫీసుకు వెళ్ళి దరఖాస్తు వెనక్కి తీసుకో.

అమ్మమ్మ

(పిట్టా, కారు ఎక్కేటప్పుడు నాన్న నా చెయ్యి పట్టుకుని "లిఫ్టు పనిచేస్తోందా?" అన్నారు. నా గురించి ఆయనకు అదొక్కటి గుర్తుంది. ఇది అమ్మ చెప్పలేదు, నేనే రాశాను.)


హాస్టలు, మూడో అంతస్తు,
నవంబరు

అమ్మమ్మా,

చాలా రోజులు రాయలేదు. కోపం వచ్చి రాయలేదు. ఇప్పుడూ పోలేదు.

నన్ను పట్టికలో వేయద్దన్నావు. నేను వేసుకుంటే, నాకు చోటు లేకుండా పట్టికనే తీసేశావు. ఒక్క రెండు వారాలు ఆగలేకపోయావా? అనుకుంటాను కానీ, ఆ పేలిక గుర్తొస్తుంది. ఆ రెండు వారాలు నిన్ను ఎక్కడ పడుకోమనేదాన్ని? దానికి నా దగ్గర గడి లేదు. కాబట్టి కోపానికి కూడా దారి లేదు.

దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. గుమాస్తా దాన్ని నా ముందే చించి, "ఇంట్లో అంతా సర్దుకుందా?" అని నవ్వాడు. సర్దుకుందన్నాను.

ప్రాజెక్టు ఇచ్చేశాను. "ఇచ్చిన షరతులతో సాధ్యం కాదు" అని తేల్చి, ఎందుకు కాదో చూపించాను. ప్రొఫెసరు గారు తప్పు పట్టలేదు. "కానీ చివర సిఫార్సు ఉండాలి కదమ్మా. యాజమాన్యం ఏం చెయ్యాలో చెప్పాలి. ఆ పేజీ ఖాళీగా ఇచ్చావేం?" అన్నారు. ఏం రాయను? హోములో చేర్చండి అని రాయాలి. సరైన జవాబు అదే. ఇప్పుడు రాసినా మార్కులు కలుపుతానన్నారు కూడా. రాయలేదు. అంచు మీద పాసయ్యాను.

నాకు ఇక్కడ బాగా చదివేవాళ్ళను చూస్తే ఒకటి అర్థమైంది, వాళ్ళు సాధ్యం కాదని వచ్చాక ఆ కాగితం పక్కన పెట్టి భోజనానికి వెళ్తారు. నేను దాని ముందే కూర్చుంటాను. ఈ చదువుకు నేను పనికిరానేమో. అయినా పూర్తి చేస్తాను. నువ్వు దీనికి పెట్టిన వెల చిన్నది కాదు.

తాతయ్య ఎలా ఉన్నాడని అడిగితే అమ్మ "బాగున్నారు" అంటోంది, మామయ్య మాట మారుస్తున్నాడు. నువ్వు అబద్ధం రాయవు కదా. నువ్వు చెప్పు.

పిట్ట


ఇంటి నుంచి,
డిసెంబరు రెండో వారం

చిరంజీవి పిట్టకు,

కట్టు విప్పారు. ఇది నా చేతిరాతే. చీమలని నిన్ను అన్నందుకు ఇప్పుడు నువ్వు నన్ను అనవచ్చు.

సిఫార్సు రాయనందుకు నిన్ను తిట్టాలి. ప్రశ్నలో ఏది అడిగితే దానికి జవాబు రాయాలి, మనసు ఒప్పకపోయినా సరే. పిల్లలకు అన్నేళ్ళూ అదే చెప్పాను. కానీ తిట్టడం లేదు.

ఇంట్లో అందరూ కాస్త తేరుకున్నారు. మీ మామయ్య తినేటప్పుడు తొందరపడటం లేదు. మీ అత్తయ్య కత్తెర మళ్ళీ బల్ల మీదే పెడుతోంది. మీ అమ్మ మొన్న పగటిపూట పడుకుని నిద్రలో నవ్వింది. నేను రాత్రంతా పడుకుంటున్నాను. చెడ్డ నిద్ర కాదు.

మీ తాతయ్య సంగతి. బాగున్నారు. మీ అమ్మ నీకు అబద్ధం చెప్పలేదు. బాగున్నారు కాబట్టే ఎవరూ నీకు అంతకుమించి చెప్పలేకపోతున్నారు. నేను ఎన్నో ఊహించుకుని వెళ్ళాను, తిండి మానేస్తారని, గడియ పట్టుకుని ఊపుతారని, నన్ను తీసుకుపొమ్మంటారని. ఏమీ లేదు. ఒళ్ళు వచ్చింది. మణికట్టు మానింది. గడ్డం ఒక పొడుగాటి కుర్రాడు గీస్తున్నాడు, అతనికి తల ఎత్తి చూపిస్తున్నారు. మనింట్లో రోజంతా ఏదో వెతుకుతూ తిరిగేవారు, అక్కడ వెతకడం మానేశారు. ఇన్నాళ్ళూ ఆయన్ని ఇంట్లో ఉంచింది ఆయన కోసమా అని నన్ను నేను అడిగాను. జవాబు వచ్చింది. అది మీ అమ్మకు చెప్పకు.

చూడనిచ్చేది మంగళవారం, శుక్రవారం, నాలుగు నుంచి ఐదు వరకు. మొన్న శుక్రవారం వెళ్ళేసరికి వరండాలో ఎండకు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. చొక్కా సర్దుకున్నారు. తన కుర్చీ నావైపు జరిపి, "కూర్చోండమ్మా" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారో. పెళ్ళైన కొత్తలో కూడా నన్ను మీరు అనలేదు.

కూర్చున్నాను. ఆయన ఇంకో కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. కాసేపటికి నావైపు వంగి, ఎవరికీ వినబడకుండా, "కొత్తగా వచ్చారా? బెంగ పెట్టుకోకండి. ఇక్కడ బాగానే చూస్తారు. మీవాళ్ళు వస్తారు" అన్నారు.

"వస్తారండీ" అన్నాను.

ఐదయ్యేదాకా అలాగే కూర్చున్నాం.

అమ్మమ్మ